గుణదలలో రెండో జోజి

కరెంటు పోయి కొవ్వొత్తి వెలిగిస్తే చాలు, ఆ మైనం వాసనకు నా నెత్తి చల్లబడుతుంది. పదమూడేళ్లప్పుడు గుణదల కొండ మీద మాత తిరునాళ్లలో మొక్కు గుండు చేయించుకుని, కొవ్వొత్తులు వెలిగించే జనంలో అమ్మ చెయ్యి వదిలి తప్పిపోయాను.

"ఒరే జోజీ, ఎక్కడ చచ్చావురా? అన్నం తిను!" అంటూ ఓ ముసలమ్మ నన్ను పట్టుకుంది. కొండ నిండా గుండ్లే, ఎవరిది ఏదో ఆవిడకేం తెలుస్తుంది! ఆకలి మీద జోజినైపోయి పులిహోర మింగుతుంటే, అసలు జోజి తన గుండుతో సహా వచ్చి నిలబడ్డాడు.

"నా విస్తట్లో వీడెవడే మామ్మా?"

దెబ్బ కోసం వీపు బిగబట్టాను.

"మొదటి ముద్దకే తెలిసిందిరా. నువ్వెప్పుడన్నా వంక పెట్టకుండా తిన్నావా?" అని మామ్మ నవ్వి, నావైపు తిరిగింది. "నీ పేరు చెప్పి ఇంకో ముద్ద తిను బాబూ. తర్వాత మీ అమ్మను వెతుకుదాం."

ఆ తర్వాత ఎన్ని పేర్లతో ఎన్ని కోతలు కోశానో! ఆ రెండో ముద్ద మాత్రం నా పేరు మీదే తిన్నాను.