మూతకు కట్టిన పసుపుగుడ్డ

రేపల్లెలో అంద్రెయ షెడ్డు ముందు ఎప్పుడూ ఒక నీళ్ల డ్రమ్ము ఉండేది. నిజాంపట్నం నుంచి బస్సు టాపు మీద గోనెపట్టాల్లో చుట్టుకుని వచ్చిన పడవ ఇంజన్లను ఆ డ్రమ్ములోకి దించి, తన డబ్బాలోని కిరసనాయిలు పట్టించి, తాడు లాగి, కళ్లు మూసుకుని వినేవాడు. చర్చిలో పాస్టరుగారి ప్రసంగం కూడా అంత శ్రద్ధగా వినడని భార్య వరమ్మ దెప్పిపొడిచేది. ఇంజను మాట వినేవాడు గాని, మనుషుల మాట వినే ఓపిక లేదు అతనికి. ఎవరైనా నోరు తెరిస్తే, "నువ్వు చెప్పమాక, అది చెబుద్ది" అని కసిరేవాడు. పని వచ్చినవాడి పొగరు అది. ఆ పొగరుకు తగ్గ పనితనం ఉంది కాబట్టి ఊరూ భరించింది.

ఎనభైల చివర్లో నిజాంపట్నం నుంచి నరసింహం అనే పడవమనిషి ఇంజను తెచ్చాడు.

"స్టార్టవుద్ది మేస్త్రీ, బాగానే పోద్ది. కాసేపటికి ఉన్నట్టుండి ఆగిపోద్ది. నూనె అయిపోయిందేమోనని టాంకీ మూత తీసి చూస్తే సగానికి సగం ఉంటది. మూత పెట్టి తాడు లాగితే ఏం ఎరగనట్టు మళ్లీ స్టార్టవుద్ది."

"మూత సంగతి నాకెందుకయ్యా? ప్లగ్గు చూడనీ" అన్నాడు అంద్రెయ.

కొత్త ప్లగ్గు వేశాడు. డ్రమ్ములో పొద్దంతా ఆడింది, ఒక్కసారి ఆగలేదు. నరసింహం సంతోషంగా తీసుకుపోయాడు. కొన్నాళ్లకు మళ్లీ తెచ్చాడు. ఈసారి కార్బురేటర్ విప్పి కడిగాడు. డ్రమ్ములో మళ్లీ బ్రహ్మాండంగా ఆడింది. మూడోసారి తెచ్చేసరికి అంద్రెయకు ఒళ్లు మండింది. ఏ ఇంజనూ అతన్ని ఇంతలా ఏడిపించలేదు.

"ఇక్కడ ఆగనిది అక్కడెందుకు ఆగుద్ది? నడపటం రావాలి" అన్నాడు నలుగురి ముందూ.

నరసింహం నొచ్చుకున్నాడు. అయినా నవ్వి, ఇంజను భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. అంద్రెయ అతన్ని చూడటం అదే ఆఖరు.

వాయుగుండం పట్టిన రోజు పడవలన్నీ వెనక్కి తిరిగాయి. వాగు సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు విరిగిపడుతుంటాయి. ఇంజను నడుస్తుంటేనే దాన్ని దాటగలరు. మిగతావాళ్లు దాటారు. నరసింహం ఇంజను సరిగ్గా అక్కడే ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగి బోర్లాపడటం వెనకవాళ్లు కళ్లారా చూశారు, దగ్గరకు పోలేకపోయారు. శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పడవ మడ అడవిలో దొరికింది, ఇంజనూ, తాడుతో కట్టిన టాంకీ దాన్నే అంటిపెట్టుకుని ఉన్నాయి.

నరసింహం భార్య ఈశ్వరమ్మ, తమ్ముడు లక్ష్మీనారాయణ కలిసి వాటిని షెడ్డుకు తెచ్చారు. టాంకీని కూడా తేవడం అదే మొదటిసారి, అది బురదకొట్టుకుని ఉంది. ఎప్పుడూ ఇంజను ఒక్కటే వచ్చేది. టాంకీ పడవలోనే ఉండేది. అంద్రెయ దాన్ని కడిగాడు.

బురద కింద పసుపుగుడ్డ బయటపడింది. లోపల పసుపుకొమ్ము పెట్టి, మూతను కప్పేసి, టాంకీ మెడకు చుట్టి బిగించిన గంగమ్మ గుడ్డ, పడవ క్షేమానికి ఇంటి ఆడది కట్టేది. మూత మీద గాలి లోపలికి పోవడానికి సూదిబెజ్జమంత రంధ్రం ఉంటుంది. లోపల నూనె తగ్గేకొద్దీ దాంట్లోంచి గాలి వెళ్లాలి. తడిసిన గుడ్డ ఆ రంధ్రాన్ని మూసేస్తే నూనె రావడం మానేసి ఇంజను చచ్చిపోతుంది. మూత తీస్తే గాలి లోపలికి పోయి మళ్లీ బతుకుతుంది. నరసింహం మొదటిరోజే చెప్పాడు. తనే వినలేదు.

ముడి దగ్గర గుడ్డ సగం కోసి ఉంది. వలలు కోసే కత్తి గాటు అది. అంద్రెయ గుడ్డను విప్పి బల్ల కిందికి తోశాడు.

"ఏం చెడిందండి మేస్త్రీగారూ?" అని అడిగింది ఈశ్వరమ్మ, గుమ్మం అవతలనుంచి.

నువ్వు కట్టిన గుడ్డేనని ఆ మొహం చూసి ఎలా చెబుతాడు? పైగా ప్రభువును నమ్ముకున్నవాడు గంగమ్మను తప్పుపట్టాడంటారు.

"ప్లగ్గేనమ్మా. నేనే సరిగ్గా చూళ్లేదు."

ఆమె దుమ్మెత్తి అతని మొహాన కొట్టింది. అంద్రెయ తుడుచుకోలేదు. వాళ్లు వెళ్లాక గుడ్డను పొయ్యిలో వేసి, పీడ వదిలిందనుకున్నాడు.

నిజాంపట్నం ఇంజన్లు రావడం ఆగిపోయింది. డ్రమ్ము తుప్పుపట్టింది. అంద్రెయ తెనాలి వెళ్లి ఎవరి దగ్గరో పంపుసెట్లు బిగించే కూలికి కుదిరాడు. వరమ్మకు కూడా నిజం చెప్పలేదు. ఇంజన్లు వినడం మానేశాడు. మనుషులు మాట్లాడుతుంటే మాత్రం చివరిదాకా వినేవాడు. అలా వినబట్టే ఒకరోజు బస్సులో చేపల బుట్ట పెట్టుకుని కూర్చున్న కమలమ్మ అనే నిజాంపట్నం మనిషి మాట చెవినబడింది.

"చచ్చిపోయిన నరసింహం పడవే తమ్ముడు నడుపుతున్నాడండి. అదేం పాపమో, మొగ దగ్గర మళ్లీ ఆగిపోతందంట."

అంద్రెయ మరుసటి బస్సుకే నిజాంపట్నం వెళ్లాడు. రేవులో అతన్ని గుర్తుపట్టినవాళ్లు బూతులు తిట్టారు. పడవలో టాంకీ మూతకు కొత్త పసుపుగుడ్డ నిగనిగలాడుతోంది. నిజం చెప్పకుండా ఊరుకునే వీలుంటే ఎంత బాగుండేదనిపించింది. ఎండుచేపలు తిరగేస్తున్న ఈశ్వరమ్మ ముందుకెళ్లి నిలబడ్డాడు.

"అప్పుడు నీకు అబద్ధం చెప్పాను చెల్లెమ్మా. ప్లగ్గు కాదు" అని మొదలుపెట్టి, గాలి బెజ్జం సంగతీ, గుడ్డ సంగతీ చెప్పాడు. "మీ ఆయన మొదటే చెప్పాడు. నేను చెవినబెట్టలా. తప్పు నాదే. ఆ గుడ్డ మాత్రం పడవ ముక్కుకు కట్టుకోండి, మూతకు వద్దు."

ఆమె అరుస్తుందనుకున్నాడు. అరవలేదు. పడవ దగ్గరకు నడిచి, పళ్లతో ముడి లాగి గుడ్డ విప్పింది. విప్పిన గుడ్డను చేతిలో పట్టుకుని అతని వైపు తిరిగింది.

"ముందంతా మూతకే చుట్టేదాన్ని అన్నయ్యా. మీ కాడికి మూడోసారి తెచ్చాక, అమ్మకి కోపమొచ్చిందేమోనని టాంకీ మెడక్కూడా కలిపి బిగించా. అలకి కొట్టుకుపోకుండా." ఆమె గుడ్డను పడవ ముక్కు మీద పెట్టింది. "ఆ రోజు మూత తీద్దామని చూశాడంటావా? ముడి రాలేదంటావా?"

అంద్రెయకు ముడి దగ్గరి కత్తి గాటు కళ్లముందు కదిలింది.

"లేదమ్మా" అన్నాడు. "గుడ్డ మీద చెయ్యే వేయలేదు. నేను చూశాగా."