గార్డు మామయ్య జంట తీగలు

నా చిన్నప్పుడు చేసిన తప్పులకు చాలామటుకు ఆ పూటకాపూటే దెబ్బలు తిని చెల్లు చేసుకున్నాను. ఒక్క తప్పుకు మాత్రం దెబ్బలు ఇంకొకడు తిన్నాడు. గార్డు మామయ్య గిటారు తీగలు కోసింది నేను. అది గేటు బాబాయి కొడుకు పని అని వేలు చూపించిందీ నేనే.

అప్పట్లో గుంటూరు నుంచి చిన్నలైను మీద వచ్చే రైలుకు మాచర్లే ఆఖరు. స్టేషను వెనక రైల్వే క్వార్టర్లు, వాటిని ఆనుకుని మా అద్దె ఇల్లు. మా నాన్న నాపరాళ్ల లారీ తోలేవాడు. పక్క క్వార్టర్లో గార్డు మామయ్య, ఆ వెనక ఇంట్లో రైల్వే గేటు దగ్గర పనిచేసే గేటు బాబాయి ఉండేవాళ్లు. ఎవరితోనూ చుట్టరికం లేదు, పిలుపులే. గేటు బాబాయి కొడుకూ నేనూ ఒకే క్లాసు.

మామయ్య గోవా వైపు లైన్లో చానా ఏళ్లు చేసి బదిలీ మీద వచ్చాడు. వస్తూ ఒక గిటారు తెచ్చుకున్నాడు. మేం సినిమాల్లో చూసిన గిటార్లకు ఆరు తీగలుంటే దీనికి పన్నెండు. రెండేసి తీగలు పక్కపక్కనే ఆనీ ఆననట్టుగా ఉండేవి, ఒక్క మీటుకు రెండూ కలిసి మోగేవి. అవి ఇనుప తీగలు కావు, నైలాన్‌వి. లావు తీగల మీద సన్నని లోహపు చుట్టు ఉండేది గానీ, సన్నగా ఉన్న మూడు జతలు మాత్రం గాజులా తెల్లగా మెరిసేవి. అక్కడెవరో ముసలాయన చేసిచ్చాడట. తీగ తెగితే మళ్లీ ఆ వైపు నుంచే రావాలనేవాడు.

డ్యూటీ దిగి స్నానం చేసి ఆయన వరండాలో వాయించుకుంటుంటే గేటు బాబాయి కొడుకూ నేనూ మెట్ల మీద కూర్చునేవాళ్లం. వాడి చెవి వేరే చెవి. జతలో ఒక తీగ కాస్త వదులైతే చాలు, ఆయన గుర్తుపట్టకముందే "మామయ్యా, రెండోది దిగింది" అనేవాడు. దసరా సెలవుల్లో వాడికి నేర్పిస్తానని మామయ్య మాటిచ్చాడు. గిటారుకు కవరు తొడిగే పని కూడా వాడికే ఇచ్చాడు. నన్ను అడగలేదు. నాకు చెవి లేదని నాకూ తెలుసు. తెలిసినా మింగుడు పడలేదు.

ఒకసారి నేను, "రెండేసి ఎందుకు మామయ్యా? ఒకటి తెగితే వాడుకోటానికా, లారీకి స్టెప్నీ లాగా?" అని అడిగాను. ఆయన కళ్లెంబడి నీళ్లొచ్చేలా నవ్వి, "ఇంకోరోజు చెబుతాలేరా" అన్నాడు. ఆ నవ్వును నేను అవుననుకున్నాను.

వానలకు చంద్రవంక వాగులో నీళ్లు వచ్చాయి. పెద్దపిల్లలు నైలాన్ దారంతో గాలాలు వేస్తుంటే, నా గాలానికి కట్టింది గోనెసంచి దారం, తడిస్తే చాలు పుటుక్కుమనేది. ఒక మధ్యాహ్నం మామయ్య డ్యూటీలో ఉన్నాడు, అత్తయ్య బజారుకు పోయింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. బ్లేడు పట్టుకుని లోపలికి వెళ్లి, ఆ తెల్లని మూడు జతల్లో జతకొకటి చొప్పున కోసుకున్నాను. స్టెప్నీయే గదా, అసలుది ఉంటుంది గదా అని నిజంగానే నమ్మాను. అంతవరకు అది పిల్లతనం. మర్నాడు చేసింది పిల్లతనం కాదు.

పొద్దున్నే మామయ్య గిటారు చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. అరవలేదు. "ఇది ఎవరు ముట్టుకున్నార్రా?" అని మాత్రం అడిగాడు. ఆ అడగడంలోనే నాకు అర్థమైపోయింది, నేను కోసింది స్టెప్నీని కాదని. క్వార్టర్ల వాళ్లంతా కుళాయి దగ్గర బిందెలతో ఉన్నారు. గేటు బాబాయి కొడుకు నా పక్కనే ఉన్నాడు, బాబాయి అప్పుడే డ్యూటీ దిగి వస్తున్నాడు. నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"వీడే మామయ్యా. రోజూ కవరు తీసేది, తొడిగేది వీడే గదా."

వాడు నా వైపు తిరిగి "ఏందిరా, అట్టా అంటావు?" అన్నాడు. ఇంకో మాట అనేలోపే గేటు బాబాయి చేతిలో ఉన్న జెండా కర్ర లేచింది. "గార్డుగారి సామాను మీద చెయ్యేస్తావంట్రా!" అంటూ కొట్టాడు. అది కోపం కాదు, భయం. మామయ్య అడ్డం వచ్చి "వదులయ్యా, వాడు చేశాడని ఎవరు చెప్పొచ్చారు?" అని కర్ర లాక్కున్నాడు. అప్పటికే వాడి పెదవి చిట్లింది.

సాయంత్రం మామయ్య మా ఇద్దర్నీ వరండాలోకి పిలిచాడు. బడిలో పాడే ప్రార్థన పాడమన్నాడు. ముందు నేనొక్కణ్ణి పాడాను. తర్వాత వాడు, వాచిన పెదవితోనే. ఆ తర్వాత ఇద్దర్నీ కలిసి పాడమన్నాడు. పాట ఒకటే, ఎత్తూ ఒకటే, కానీ రెండు గొంతులూ ఎక్కడో వెంట్రుకవాసి కలవవు. ఆ కలవని చోట మా ఇద్దరిదీ కాని ఒక నిండుతనం పుట్టింది. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

పాట అయ్యాక మామయ్య నా కళ్లలోకి చూసి నెమ్మదిగా అడిగాడు.

"ఇప్పుడు చెప్పు. మీ ఇద్దర్లో ఎవర్రా స్టెప్నీ?"

నాకు అర్థమైంది. ఆయనకు తెలిసిపోయిందనీ అర్థమైంది. నా నోటితోనే రావాలని ఆయన చాలాసేపు ఎదురుచూశాడు. నేను తల వంచుకుని గచ్చు మీద గీతలు చూస్తూ ఉండిపోయాను. చివరికి "పొండిరా, పొద్దుపోయింది" అన్నాడు.

గేటు బాబాయి తన కొడుకును మళ్లీ ఆ వరండా ఎక్కనివ్వలేదు. మామయ్య వెళ్లి వాడి తప్పేం లేదని చెప్పినా, మీరు మంచివారు గనక అలా అంటున్నారని చేతులు జోడించాడట. దసరా సెలవులు వచ్చాయి, పోయాయి. మరుసటి వేసవిలో మామయ్యకు బదిలీ అయింది. బడిలో వాడు నా పక్కన కూర్చోవడం మానేశాడు. కోసుకొచ్చిన తీగలు మా ఇంటి చూరులో దాచినచోటే ఉండిపోయాయి.

ఉద్యోగం, సంసారం, రిటైర్మెంటు, అన్నీ అయ్యాయి. పోయినేడు మా మనవడి ఫోన్లో ఆ మోత వినిపించింది. నైలాన్ తీగల జంట మోత. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాకబు చేస్తే గేటు బాబాయి కొడుకు రాజుపాలెంలో మిరప వేస్తున్నాడని తెలిసింది. వెళ్లాను.

కల్లంలో కాయలు ఎండబోసి ఉన్నాయి. పక్కకు పిలిచి చెప్పాను. వాడు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "మా నాయన నేనే కోశాననుకుంటానే పోయాడ్రా" అన్నాడు.

తర్వాత వాడే అన్నాడు. "నా ఒక్కడికి చెబితే ఏం లాభం? ఆనాడు అందర్లో అన్నావు గదా."

భార్యనీ, కొడుకునీ, కాయలేరే ఆడవాళ్లనీ పిలిచాడు. వాళ్ల ముందు నిలబడి మొదటి నుంచీ చెప్పాను. అంతా విని ఒక ముసలామె "ఇంతకీ చేపలేమన్నా పడ్డయ్యా పెద్దాయనా?" అంది. ఆ గాలం అసలు నీళ్లలో వెయ్యలేదన్నాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

రెండు నెలలు తిరిగి అలాంటి గిటారే చేయించి వాడికి తీసుకెళ్లి ఇచ్చాను. "ఈ వయసులో నాకెందుకురా?" అన్నాడు గానీ వెనక్కి ఇవ్వలేదు. ఫోన్లో చూసి వాడూ వాడి మనవరాలూ నేర్చుకుంటున్నారు. వీలైనప్పుడల్లా నేను బస్సెక్కి వెళుతుంటాను. క్షమించానని వాడు ఇంతవరకూ అనలేదు. నేనూ అడగలేదు. మొన్న వెళ్లినప్పుడు ఒక జతను మీటి, చెవి ఒగ్గి విని, "రెండోది దిగింది, పట్టుకో" అన్నాడు. వాడు తీగ బిగించే బిరడా తిప్పుతుంటే గిటారు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను.