మునుసామి వేసిన ముడి

తడిసిన నూలుతాడు వాసన తగిలితే నాకు ఇప్పటికీ పళ్ళికొండ రోడ్డు గుర్తుకొస్తుంది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మాది గుడియాత్తంలో మగ్గాల ఇల్లు. మా లుంగీలు కొనే షావుకారు ఒకరోజు నాయననూ నన్నూ తన మోటారుకారులో వేలూరుకు తీసుకెళ్ళాడు. పళ్ళికొండ దగ్గర గుంతలో పడి కారు స్ప్రింగుపట్టీ విరిగింది. డ్రైవరు మునుసామి ఇరుసుకూ స్ప్రింగుకూ మధ్య కొయ్యముక్క పెట్టి, మా బట్టల మూటకున్న నూలుతాడు విప్పి, తడిపి, బిగించి కట్టాడు.

"బలే కడతావే! మా మగ్గం కాడికి వచ్చేయప్పా," అని నాయన నవ్వాడు.

"వేలూరు దాకా కదల్దు, సూడు నాయనా," అన్నాడు మునుసామి.

పెద్దవాళ్ళు చేతులు కడుక్కోవడానికి కాలువకు వెళ్ళారు. ముడి పక్కన జానెడు కొస వేలాడుతోంది. మా ఇంట్లో నేసిన బట్టమీద కొసలు కనిపిస్తే తెంపడం పిల్లల పని. నేను కారు కిందికి దూరి ఆ కొసను ముడి దాకా కొరికేశాను. నోటినిండా మట్టి, గ్రీజు. మంచిపని చేశాననుకున్నాను.

మైలు దాటకముందే ముడి జారింది. ఇరుసు పక్కకు తోసుకుపోయి కారు కాలువలోకి ఒరిగింది.

"ముడెయ్యను గూడ రాదేమిరా నీకు? రేపట్నించి పనికి రావద్దు," అన్నాడు షావుకారు.

"గట్టిగానే ఏసినా సామీ," అని మునుసామి మళ్ళీమళ్ళీ అన్నాడు. పట్టు నిలిపే కొస లేకే ముడి జారిందని నాకు అర్థమైంది. భయంతో నోరు విప్పలేదు.

ఇంట్లో ఏ పని చెడినా "మునుసామి ముడి" అనడం మాకు అలవాటైపోయింది. నిన్న నా కూతురూ అంది. అందుకే రాస్తున్నాను. ఆయన ముడి గట్టిదే. కొరికింది నేను.