నిలబెట్టి తీసిన కొలత

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్ నెల మొదటి వారంలో, హోసూరులోని ఒక మోటార్‌సైకిళ్ల కర్మాగారంలో సేఫ్టీ ఆఫీసరుగా ఉన్న నాకు రోడ్ టెస్ట్ విభాగాన్ని అదనపు బాధ్యతగా అప్పగించారు. ఉత్తర్వులో పని ఒక్క వాక్యంలో ఉంది. టెస్ట్ రైడర్లు పద్నాలుగు మందికీ రక్షణ ప్యాంట్లు ఎంపిక చేసి, ఆయుధ పూజ నాటికి అందించాలి.

టెస్ట్ రైడర్ పని బయటివాళ్లకు అంతగా తెలియదు. కొత్త మోడల్ బండి అమ్మకానికి పోకముందు దాన్ని షిఫ్టు మొత్తం మామూలు రోడ్డు మీద నడిపి, ఇంజను వేడి, బ్రేకు, గొలుసు, చప్పుడు, అన్నీ లాగ్‌షీటులో రాసే మనిషి అతను. మావాళ్ల దారి హోసూరు నుంచి కుందారపల్లి మీదుగా కృష్ణగిరి, అక్కడి నుంచి కావేరిపట్టణం, మళ్లీ వెనక్కి. అప్పటిదాకా వాళ్లకు యూనిఫారం ప్యాంటు మీద ఎలాస్టిక్ పట్టీలతో కట్టుకునే ప్లాస్టిక్ చిప్పలే రక్షణ. చెమటకు ఆ పట్టీలు జారేవి, మోకాలి వెనక ఒరిసి పుండ్లు పడేవి. అందుకని గేటు దాటగానే విప్పి సంచిలో వేసుకుని, తిరిగి వచ్చేటప్పుడు గేటుకు కాస్త ముందు ఆగి కట్టుకునేవాళ్లు. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్లకూ తెలుసు.

ఆ విభాగంలో సీనియర్ రైడర్ మునిరాజప్ప. మత్తూరు పక్క పల్లెటూరు. ఇంట్లో తెలుగు, మెకానిక్కులతో తమిళం, బెంగళూరు నుంచి వచ్చే ఇంజనీర్లతో కన్నడం. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. నేనూ అదే బాపతు గనుక మా ఇద్దరికీ మొదటి నుంచీ పొసగలేదు.

మూడు రకాల ప్యాంట్లు తెప్పించాను. మొదటిది తోలుది. జారి పడినప్పుడు తోలును మించింది లేదు. కానీ కృష్ణగిరి ఎండలో దాన్ని ఒక పూట తొడుక్కుని వచ్చిన మునిరాజప్ప, "దీంట్లో అయితే పడకముందే పోతాము సార్" అని విప్పి బల్ల మీద పెట్టాడు. రెండోది జాలీ గుడ్డ. గాలి బాగా ఆడుతుంది గానీ రాపిడికి నిలవదు. మూడోది జీన్సు ప్యాంటు. చూడడానికి మామూలుదే, లోపల మాత్రం తుంటి దగ్గర, మోకాళ్ల దగ్గర సులువుగా తెగని నారతో నేసిన అస్తరు ఉంటుంది. పెయింట్ షాపులో తిరిగే ఉప్పుకాగితం బెల్టుకు మూడింటి ముక్కలూ ఆనించి చూశాను. జాలీ గుడ్డ చూస్తుండగానే చిల్లుపడింది. జీన్సు పైపొర అరిగింది, అస్తరు నిలబడింది. కుట్లు మూడు వరసలు. మోకాలి ప్యాడు, తుంటి ప్యాడు లోపలి జేబుల్లో కూర్చుంటాయి. ఇంతకంటే మంచి ప్యాంటు దొరకదని నిర్ణయించి సంతకం చేశాను. ఆ సాయంత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక కొలతలు. మా దగ్గర ఏటా ఆయుధ పూజకు కొత్త యూనిఫారాలు ఇచ్చే ఆనవాయితీ ఉంది. రత్నమ్మ అనే టైలరు క్యాంటీన్ వరండాలో అందరినీ వరసగా నిలబెట్టి, నడుము నుంచి చీలమండ దాకా టేపు పెట్టి రిజిస్టరులో రాసేది. సిద్ధంగా ఉన్న ఆ రిజిస్టరులోని కొలతలనే నేను కంపెనీకి పంపాను. మళ్లీ ఎందుకు కొలవాలన్న ప్రశ్నే నాకు రాలేదు.

పూజకు పది రోజుల ముందు ప్యాంట్లు వచ్చాయి. సీనియర్ రైడర్ స్వీకార పత్రం మీద సంతకం చేస్తేనే స్టోర్సు వాళ్లు సరుకు బయటికి ఇవ్వాలి. మునిరాజప్ప ప్యాంటు తొడుక్కుని నేరుగా వెళ్లి స్టాండు వేసిన బండెక్కాడు. మోకాళ్లు ట్యాంకుకు ఆనించి నన్ను పిలిచాడు.

"ఈడ చూడండి సార్. మోకాలు యాడుంది, ప్యాడు యాడుంది?"

కూర్చోగానే ప్యాంటు నడుము వైపు లాగుకుని, ప్యాడు నాలుగు వేళ్లు పైకెక్కి తొడ మీద కూర్చుంది. నేను ఒప్పుకోలేదు. నీ కూర్చునే తీరులోనే తప్పుందన్నాను. పూజనాడు డైరెక్టరు గారి చేతుల మీదుగా ప్యాంట్లు ఇవ్వడం ఖాయమైందని కూడా చెప్పాను.

"నా ఒక్కడిదైతే పెట్టేసుందును సార్. పద్నాలుగు మంది కాళ్లకు నేను సంతకం పెట్టలేను" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నీదీ నాదీ ఒకటే కొలత, నేనే ఇది వేసుకుని కృష్ణగిరి దాకా పోయి వస్తాను, అప్పుడు పెడతావా అన్నాను. మీరెందుకు సార్ అని నచ్చజెప్పబోయి, నేను వినకపోయేసరికి, వెనకాలే తానూ బండి తీశాడు. రైడరు కాని మనిషి టెస్ట్ దారిలో బండి నడపాలంటే సేఫ్టీ ఆఫీసరు లిఖితపూర్వక అనుమతి కావాలి. నాకు నేనే రాసుకున్నాను.

కుందారపల్లి దగ్గర, టీ తాగుదామని సర్వీసు రోడ్డులోకి తిరిగాను. వేగం ఏమంత లేదు. ఏదో లారీ నుంచి ఇసుక కారి ఉంది. ముందు చక్రం జారింది. ఎడమ మోకాలు నేరుగా తారుకు తగిలింది. అబ్బా అని అరవడానికి కూడా ఊపిరి అందలేదు.

మునిరాజప్ప తన బండిని నా వెనక అడ్డంగా నిలిపాడు, వచ్చే వాహనాలు నా మీదికి రాకుండా. నన్ను లేపలేదు. "కాలివేళ్లు ఆడించండి సార్... సరి, అట్లే ఉండండి, లేయద్దండి" అన్నాడు. తన జాకెట్టు మడిచి మోకాలి కింద పెట్టి, ఆటో పిలిచి, కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఎక్స్‌రేలో మోకాలిచిప్ప చిట్లిందని తేలింది. ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు వారాలు కట్టు అన్నారు.

అప్పుడు ప్యాంటు తెప్పించుకుని చూశాను. గుడ్డ ఎంపికలో నేను పొరబడలేదు. పైపొర గీసుకుపోయింది, అస్తరు చెక్కుచెదరలేదు. తీరా లోపలి ప్యాడు తీసి చూస్తే దాని మీద ఒక్క గీత లేదు. తొడ మీద భద్రంగా ఉన్నదానికి గీత ఎందుకు పడుతుంది? మునిరాజప్ప మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ ప్యాడు నా చేతిలోంచి తీసుకుని మళ్లీ దాని జేబులో పెట్టాడు.

ప్రమాదం జరిగిన మరునాటిలోగా నివేదిక పంపాలి. అందులో మూల కారణం అనే గడి ఉంటుంది. మా పై అధికారి ఫోన్ చేసి, రోడ్డు మీద ఇసుక అని రాయండి, అది నిజమే కదా, పూజ కార్యక్రమం ఆగదు అన్నాడు. నిజమే. ఇసుక లేకపోతే నేను పడేవాణ్ణి కాదు. పెన్ను పట్టుకుని ఆలోచిస్తుంటే మునిరాజప్ప మెల్లగా అన్నాడు:

"ఇసుకనే రాసెయ్యండి సార్. మీకు రిటైర్‌మెంట్ దగ్గరకొచ్చింది, ఈ వయసులో చెడ్డపేరు ఎందుకు? ప్యాంట్ల సంగతి మేము ఎట్లో సర్దుకుంటాము."

ఎట్లా సర్దుకుంటారో నాకు తెలియదా? గేటు దాటాక విప్పి సంచిలో వేసుకుంటారు. నిన్నటిదాకా నాతో పంతం పట్టిన మనిషి నా పేరు కాపాడడానికి తన మోకాళ్లు పణం పెడతానంటున్నాడు. నాకు సిగ్గేసింది. రాశాను: "పడడానికి కారణం ఇసుక. మోకాలు చిట్లడానికి కారణం, కూర్చుని చేసే పనికి నిలబెట్టి తీసిన కొలతలు వాడడం. ఆ నిర్ణయం నాది."

పూజనాడు ప్యాంట్ల కార్యక్రమం జరగలేదు. నాకు ఒక మెమో వచ్చింది. సరుకు మొత్తం వెనక్కి పోయింది. రత్నమ్మ రైడర్లను ఒక్కొక్కరినీ బండెక్కించి, మోకాలి మీద సుద్దతో గుర్తు పెట్టి కొలిచింది. "బండి మీద కూర్చోబెట్టి కొలత తీసేది నా జన్మలో ఇదే మొదలు సారూ, మీ పుణ్యాన ఇదీ అయింది" అని, కట్టుతో ఉన్న నా కాలు చూసి నవ్వు ఆపుకుంది. మోకాలి జేబును ఎవరికి తగ్గట్టు వాళ్లు పైకీ కిందికీ జరుపుకునేలా మార్పించాము. దీపావళి దాటాక మునిరాజప్ప మళ్లీ బండెక్కి కూర్చుని, రెండు మోకాళ్లూ తట్టి చూసుకుని, సంతకం పెట్టాడు. నీ మేలు మరిచిపోనప్పా అన్నాను. ప్యాంటు బాగుంది సార్ అన్నాడు.

ఆ తరువాత నా సర్వీసులో ముగ్గురు రైడర్లు పడ్డారు. ముగ్గురి ప్యాడ్లూ పగిలాయి, మోకాళ్లు పగల్లేదు. నేను మాత్రం ఈనాటికీ నేల మీద మఠం వేసుకుని కూర్చోలేను. దానికి నాకు బాధ లేదు, మునిరాజప్ప పట్ల కృతజ్ఞత ఉంది.

నేర్చుకున్నది ఇది. రక్షణ సామగ్రిని మనిషి పని చేసే భంగిమలోనే కొలవాలి, అది వాడేవాడే సంతకం చేయాలి. ఎవరైనా సంతకం పెట్టనంటే కోపం రావడం సహజం. కోపం వచ్చినా సరే, ముందు అతని పక్కన నిలబడి, అతను చూపిస్తున్న చోటు చూడాలి. దానికి నిమిషం చాలు. నాకు ఒక మోకాలు పట్టింది.