ముందు నువ్వు తిను

మా ఇంట్లో బర్రెలున్నాయి. గౌలిపురలో మా సందు మలుపు తిరగగానే పాల వాసన తగులుతుంది. అలాంటి ఇంట్లో పుట్టి, పాలచుక్క ముట్టకుండా నోరు కట్టుకున్నది నేనొక్కదాన్నే. కుస్తీ పట్టేవాళ్ళకు బరువుతోనే పని. యాభై అయిదు కిలోల పోటీకి పేరిస్తే పోటీ రోజు పొద్దున కాంటా మీద ఆ గీత దాటకూడదు. దాటితే ఇంటికి పోవడమే. మా నాయనమ్మకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కేది కాదు. "తిండి పెట్టకుండ ఎవ్వలన్న బర్రెను సంతకు తోల్కపోతరా?" అనేది. బర్రెతో పోల్చినందుకు నాకు కోపం లేదు. ఆ మాట అనేటప్పుడు మీగడ గిన్నె చేతిలో పట్టుకుని నా ముందు నిలబడేది, దానికి వచ్చేది కోపం.

నాకు కుస్తీ నేర్పిన ఉస్తాద్ ఉండేది ఛత్రినాకలో. నీళ్ళ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. పొద్దున్నే మా సందు చివరి కుస్తీ తాలీంకు వచ్చి మట్టి తడిపించి, తిరగేయించి, ఆ తర్వాతే మమ్మల్ని బరిలోకి దిగనిచ్చేవాడు. ఆయనకొక రివాజు ఉండేది. బరువు దించుకోవడానికి శిష్యులెవరైనా కడుపు మాడ్చుకుంటే, వాళ్ళు తినేదాకా ఆయన ముద్ద ముట్టడు. ఆయన ఉస్తాద్ కూడా అంతేనట. వయసులో ఉన్నప్పుడు అది గొప్పగానే ఉండి ఉంటుంది. షుగరొచ్చి రెండు పూటలా సూది వేసుకునే మనిషికి మాత్రం అది వట్టి మొండితనం. ఈ మాట ఒకసారి ఆయన ముందే అన్నాను. ఆ రోజు నాతో బైఠకులు రెండింతలు తీయించాడు.

జూనియర్ పోటీల్లో నాకది ఆఖరి ఏడు. పోటీ విదేశంలో. మా ఇద్దరి వీసాలు ఆలస్యమై జట్టు ముందే వెళ్ళిపోయింది. మేము విమానం దిగిన పొద్దున్నే నా తూకం. బయలుదేరే ముందు తాలీంలో కాంటా ఎక్కితే సరిగ్గా గీత మీదున్నాను. ఇక దిగేదాకా పెదాలు తడుపుకోవడం తప్ప మరేమీ లేదని అప్పుడే అనుకున్నాను.

ఎయిర్‌పోర్టులో ఉస్తాద్ భార్య నన్ను పక్కకు లాగింది. నేను ఆమెను పెద్దమ్మా అంటాను. "సూది ఏసుకున్నంక తినకుంటె ఆగమైతడు బిడ్డా. చెమటలు వడతయ్, ఏదేదో మాట్లాడతడు. జర ఆలస్యమైతె మనిషే దక్కడు. నువ్వు చూస్కో" అంది, ఆయనకు వినపడకుండా. అట్లనే అని మాటిచ్చాను.

విమానంలో వేరే తిండి వద్దని, పొద్దున ఫలహారానికి ఇద్దరికీ పండ్లే కావాలని టికెట్ కొన్నప్పుడే చెప్పించాడు ఉస్తాద్. ఆ డబ్బాల తిండిలో ఉప్పు ఎక్కువ, ఉప్పు ఒంట్లో నీళ్ళను పట్టి ఉంచుతుంది, అందుకే నాలుగు పండ్ల ముక్కలు చాలని ఆయన లెక్క. అయినా రాత్రి భోజనం తెచ్చారు, నేను వెనక్కి పంపాను. ఆయనా పంపాడు. సూది కూడా మానేశాడు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు.

తెల్లవారి లైట్లు వేశారు. ఫలహారాల బండి కదిలిన చప్పుడు వినగానే ఉస్తాద్ అలవాటు కొద్దీ బాత్రూంకు పోయి వచ్చాడు. ఎయిర్‌హోస్టెస్ మా ముందు చెరొక పళ్ళెం పెట్టింది. బొప్పాయి, పుచ్చకాయ, అనాస, నాలుగు ద్రాక్షలు. పైన కప్పిన కాగితం తీయగానే వచ్చిన ఆ వాసన ఎలాంటిదో, నీళ్ళు కూడా తాగకుండా ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

"నాలుగు ముక్కలు తిను బిడ్డా" అన్నాడు.

"వద్దు ఉస్తాద్. గీత మీదున్న. ఒక్క ముక్క తిన్నా దాటుత."

"అయితె నాక్కూడ వద్దు." తన పళ్ళెం మీద కాగితం మళ్ళీ కప్పేశాడు.

"సూది ఏసుకున్నవా?"

"ఇప్పుడే ఏసుకొని వచ్చిన."

"ఉస్తాద్, సూది ఏసుకొని తినకుంటె ఎట్ల? పెద్దమ్మ ఏం చెప్పిందో ఎరుకేనా?"

"పెద్దమ్మ కుస్తీ పడ్తదా? చుప్ కూసో. కాంటా దిగినంక ఇద్దరం తిందాం."

బతిమాలాను, కసిరాను. కాలు తగిలించి పడేద్దామన్నా పట్టు దొరకని మనిషి. కళ్ళు మూసుకుని వెనక్కి వాలాడు. నేను ఆయన నుదురే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి అక్కడ చెమట మొలిచింది. ముందు సన్నగా, తర్వాత ధారలుగా చెవుల వెనక నుంచి కాలరులోకి కారింది. చేతులు వణకసాగాయి.

"మట్టి తడిపినవా?" అన్నాడు కళ్ళు తెరిచి.

"ఏంది ఉస్తాద్?"

"పోరగాండ్లు వస్తరు. మట్టి ఎండిపోయింది. తడుపు."

ఆయన చూపు నా మీద లేదు. ఎక్కడా లేదు. బెల్లు నొక్కాను. ఎయిర్‌హోస్టెస్ పరుగున వచ్చింది. షుగర్ పడిపోయిందని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నారింజ రసం తెచ్చి ఆయన నోటికి పెట్టింది. ఆయన చేయి విసిరాడు. గ్లాసు ఎగిరి ఆమె బట్టల మీద పడింది. ఆమె మరో గ్లాసు నా చేతికిచ్చి, డాక్టరెవరైనా ఉన్నారేమో మైకులో అడుగుతానని వెళ్ళింది. నేను గ్లాసు అందిస్తే పళ్ళు బిగబట్టాడు. ఆ దవడ ఇరవై ఏళ్ళ పిల్లవాడి దవడలా ఉంది.

అప్పుడు బిగించిన పళ్ళ సందుల్లోంచి అన్నాడు: "నువ్వు తిన్నవా?"

మనిషి సోయిలో లేడు, రివాజు మాత్రం సోయిలోనే ఉంది. నాకు ఏడుపొచ్చింది, తిట్టాలనిపించింది, రెండూ ఒకేసారి. బొప్పాయి ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను. మింగకుండా దవడన దాచుకుని, "తిన్న, ఇగ నువ్వు తిను" అన్నాను. బరువు దించుకునే వాళ్ళ దొంగతనాలు ఆయనకు కొత్తవా? వణికే చేత్తోనే నా దవడ పట్టుకున్నాడు. వేళ్ళు చర్మంలోకి దిగాయి.

"మింగు."

ఏడాదిగా నేను ఆశపడ్డ పోటీ ఆ ముక్కలో ఉంది. మింగాను. ఆయన నోరు తెరిచాడు. వెంటనే ఒక ముక్క పెట్టాను, నమిలాడు. మళ్ళీ పళ్ళు బిగించాడు. నేనొకటి మింగితే ఆయనొకటి. రసం నేనొక గుక్క తాగితే ఆయనొక గుక్క. నా గొంతు కిందికి, పైకి కదలడం చూసి మరీ తాగాడు. అంత తియ్యటి బొప్పాయి నేను మళ్ళీ తినలేదు. అంత అసహ్యించుకున్నదీ లేదు. ఒక పళ్ళెం ఖాళీ అయింది, రెండోది కూడా చాలావరకు అయిపోయింది.

డాక్టరు దొరకలేదు కానీ ఆ అవసరం కూడా రాలేదు. మెల్లగా చెమట ఆగింది. కళ్ళలోకి మనిషి తిరిగి వచ్చాడు. చుట్టూ చూసి, "పండుకున్ననా?" అన్నాడు. "పండుకున్నవు" అన్నాను. ఎయిర్‌హోస్టెస్ వచ్చి ఆయన భుజం తట్టి ఏదో అడిగింది. ఆ ఇంగ్లీషు ఆయనకు అర్థం కాలేదు. మర్యాదకు నవ్వి దండం పెట్టాడు.

దిగాక రెండు స్వెటర్లు వేసుకుని తూకం హాలు వెనక పరుగెత్తాను. ఒంట్లో చెమట పట్టడానికి నీళ్ళే మిగల్లేదు. కాంటా ఎక్కాను. అంకె గీత దాటి కొంచెం అవతల నిలబడింది. ఒంటి మీద బట్ట తగ్గించి మళ్ళీ ఎక్కాను. అక్కడే ఉంది. బల్ల దగ్గరున్న ఆమె తల అడ్డంగా ఊపింది.

బయట బెంచీ మీద ఉస్తాద్ నా ముఖం చూసి సంగతి పోల్చుకున్నాడు. "గీత మీదనే ఉంటివి గదా. ఎట్ల పెరిగింది?"

"విమానంల పండ్లు తిన్న ఉస్తాద్."

"ఆగలేకపోయినవా?"

"ఆకలైంది."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అటు తిరిగి కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నీ వల్లే, నీ పాడు రివాజు వల్లే అని అరవాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ మాట అంటే ఆయన మళ్ళీ తాలీం గడప తొక్కడు. అది నాకు తెలుసు. పోటీ ఎలాగూ పోయింది. ఆయన్ని కూడా పోగొట్టుకునే ఓపిక నాకు లేదు.

తిరుగు ప్రయాణంలో కూడా పొద్దున అవే పళ్ళేలు, అవే బొప్పాయి ముక్కలు. ఆయన సూది వేసుకొచ్చి కూర్చున్నాడు. "ఇగ కడుపు నిండ తిను. ఇప్పుడెవ్వడు కాంటా ఎక్కిస్తడు?" అన్నాడు, ఇంకా కొంచెం ముక్తసరిగానే.

నేను చేతులు కట్టుకున్నాను. "ముందు నువ్వు తిను."

"గిదేం ఉల్టా రివాజు?"

"ఇప్పటిసంది గిదే రివాజు. నువ్వు తినేదాక నేను ముట్ట."

గుర్రుగా చూశాడు. నేను కదల్లేదు. విసుక్కుంటూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. నేను ఆయన గొంతు వైపే చూస్తున్నాను.

"మింగు" అన్నాను.

ఆయన నమలడం ఆపేశాడు. నా దవడ వైపు చూశాడు. అక్కడ చర్మం ఇంకా కమిలి ఉంది, నాలుగు వేళ్ళ వరసలో. సీటుకు ఒత్తుకుందని ఆయనకు చెప్పి ఉన్నాను. ఆయన తన కుడిచేయి ఎత్తి, వేళ్ళు విప్పి చూసుకుని, మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

తర్వాత మింగాడు. పళ్ళెంలోంచి ఇంకో ముక్క తీసుకుని అదీ తిన్నాడు. నాకు కనపడేలా, నేను చెప్పకముందే మింగాడు. అప్పుడు నేను తిన్నాను.