ఒళ్లో మూట

కొండ మీది ఊరికి పోయే బస్సులో కండక్టరుకి రోజూ ఒకటే పోరు. ఆ ఊరివాళ్లు మూటని బస్సు పైన వెయ్యనివ్వరు. వాళ్ల ముత్తాతలు సముద్రం దాటి వచ్చినప్పుడు ఓడవాళ్ల చేతికిచ్చిన పెట్టెలు మళ్లీ కంటపడలేదట, కట్టుబట్టలతో కొండెక్కారట. ఆ పెట్టెలను చూసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు గాని, భయం మాత్రం ఆస్తిలా చేతులు మారుతూ వచ్చింది. "అవ్వా, కాలు పెట్టే చోటు లేదు. ఆ మూట పైన వేయించనా?" అంటాడు అతను. "బరువేం లేదులే నాయనా," అంటుంది అవ్వ, మూట వెనకనుంచి మొహమైనా కనపడకుండా. కింది ఊళ్లనుంచి ఉద్యోగానికి వచ్చి ఆ కొండ ఊళ్లోనే కాపురం పెట్టిన అతనికి ఈ పట్టుదల ఏనాడూ అర్థం కాలేదు. నిట్టూర్చి, గంపల మీదుగా వంగి టిక్కెట్లు కొడతాడు. మలుపు మలుపుకీ నడుం కలుక్కుమంటుంది. పైకి చేరేసరికి గొంతు బొంగురుపోయి, ఇంట్లో అన్నీ సైగలే. "మాటలన్నీ బస్సులో పారబోసి, నాకు చేతులూపడం మిగిల్చావు," అంటుంది భార్య.

చివరికి ఆ నడుమే మంచాన పడేసింది. కొండదారి ఇక వద్దని డాక్టరు చెబితే, కింద డిపోలో కుర్చీ పని ఇచ్చారు. ఇల్లు ఖాళీ చేసి, భార్యతో కలిసి తన బస్సులోనే ప్రయాణికుడిగా ఎక్కాడు. కొత్త కండక్టరు దగ్గరికొచ్చి, "బాబాయ్ గారూ, అసలే నడుం నొప్పి, ఒళ్లో అంత మూటెందుకండీ? పైన వేయిస్తాను," అన్నాడు. అతను వెనక్కి జరిగిపోతున్న ఊరినే చూస్తూ, మూట చుట్టూ రెండు చేతులూ బిగించాడు.

"బరువేం లేదులే నాయనా."