బట్టలు లోపటికి

జవహర్‌నగర్‌లో కొత్తగా దిగినవాళ్ళు మొదటి నెల ముక్కు మూసుకుంటారు, రెండో నెల కిటికీ మూసుకుంటారు, మూడో నెలకు నోరు మూసుకుంటారు. ఝాన్సీ ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంది గానీ ఆ మూడోది మాత్రం ఆమెకు చేతకాలేదు.

ఆమె ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటు. ఇంట్లో తల్లి ఏసమ్మ, ఉబ్బసం మనిషి. వాడ పక్కనే ఉన్న, నగరం చెత్తంతా వచ్చి పడే చెత్తగుట్ట గాలి ఇటు తిరిగిందంటే ముసలమ్మ మంచం పట్టె పట్టుకుని కూర్చోవలసిందే. ఆయాసం వచ్చాక గాలి సంగతి తెలిసి ఏం లాభం? ముందే తెలియాలి.

దానికి దారి ల్యాబ్‌లోనే దొరికింది. గుట్టను నడిపే కంపెనీ తన వెబ్‌సైటులో ఒక ఫీడు పెట్టింది. అనుమతి ఇచ్చేటప్పుడు సర్కారు పెట్టిన షరతు అది. గాలిలో గ్యాసు ఎంతుందో గంటకోసారి ఒక అంకె దానంతటదే వచ్చి పడుతుంది. తాళం లేదు, పాస్‌వర్డు లేదు. పైన ‘ప్రజల సమాచారార్థం’ అని కూడా రాసి ఉంది. ప్రజల కోసం పెట్టి ప్రజలకు చెప్పకుండా ఉండటం ఈ కంపెనీల దగ్గరే నేర్చుకోవాలి!

ఝాన్సీ ఆ అంకె తన ఫోనులోకి వచ్చేట్టు చేసుకుంది. రోజూ పొద్దున ఆరింటికి చర్చి గోడమీది నల్లబోర్డుపై రాసేది. తేదీ, గంట, అంకె, కింద ‘కంపెనీ వెబ్‌సైటు నుంచి’ అని. మొదటి వారం ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు కూలికి పోతూ పక్కింటి ఈదమ్మ బోర్డు ముందు ఆగింది.

“నలభై రెండు అంటే ఏంది బిడ్డా? మంచిగున్నట్టా, లేనట్టా?”

“లేనట్టే, ఈదమ్మక్కా.”

“ఎంత లేనట్టు? తీగ మీది బట్టలు లోపటికి తెచ్చుకునేంతనా?”

ఝాన్సీ పకపకా నవ్వింది, అంతలోనే ఆలోచనలో పడింది. ఆ వాడలో గాలిని కొలిచేది బట్టలతోనే. ఆరేసిన చీరకు కంపు పట్టిందంటే మళ్ళీ ఉతకాలి, నీళ్ళ ట్యాంకరేమో వారానికి రెండుసార్లే వస్తుంది. ఆనాటి నుంచి అంకె పక్కన మాట కూడా పడింది: ‘బట్టలు ఉండనీ’, ‘బట్టలు లోపటికి’, మరీ ఎక్కువైతే ‘మనుషులు లోపటికి’. ఇక చూడాలి సంబరం! బోర్డు చూడనిదే ఆడవాళ్ళెవరూ బకెట్టు ముట్టుకోలేదు. ఏసమ్మ ఆ మూడో మాట రాసిన రోజు గడప దాటేది కాదు. నెలంతా ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు.

మూడు నెలలకు కంపెనీకి కడుపు మండింది. హేమచంద్ అనే మేనేజరు చర్చి ముందు కారు దిగి, పాస్టరు శామ్యూల్ అయ్యగారు చూస్తుండగానే ఝాన్సీ చేతికి నోటీసు ఇచ్చాడు. వకీలుతో రాయించిన నాలుగు పేజీల ఇంగ్లీషు, మధ్యలో మహా గంభీరంగా, తెలుగులో ‘బట్టలు లోపటికి’! మా డేటాను అనుమతి లేకుండా కాపీ చేసి వక్రీకరించారు, బోర్డు తుడవండి, లేకుంటే మీ కాలేజీకి రాస్తాం అని దాని సారాంశం.

“చూసుకోవడానికి పెట్టామమ్మా, రాసుకోవడానికి కాదు,” అన్నాడు హేమచంద్.

ఝాన్సీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“చూసింది పక్కింటామెకు చెప్పొద్దా సార్? ప్రజల కోసమని మీరే రాసిండ్రు. మేం ప్రజలం కామా? ఒక్క అంకె తప్పు రాసిన్నా, చూపియ్యుండ్రి. ఎక్కడిదో కిందనే రాస్తున్న. గంటకు ఒక్కసారే తీసుకుంటున్న, మీ వెబ్‌సైటుకు బరువు గూడ కాలే. అంకె మీది. పక్కన మాట మాది.”

“ఉద్యోగం సంగతి కూడా ఆలోచించుకోండి.”

ఝాన్సీ ఇల్లు నడిచేదే ఆ ఉద్యోగం మీద, భయపడలేదంటే అబద్ధం. అయినా తల దించలేదు.

“రాసుకోండ్రి సార్. పేరు మాత్రం తప్పు పోనియ్యకుండ్రి.”

కారు వెళ్ళాక అయ్యగారు గొంతు సవరించుకున్నారు. “మనకెందుకమ్మా గొడవ? కొన్నాళ్ళు తుడిచేద్దాం.”

ఆయన వెనకే మెట్ల మీద కూర్చుని ఉంది ఏసమ్మ. “అయ్యగారూ, నాకు మంచి ఊపిరియ్యమని ప్రార్థన జేసింది మీరే గదా. ఇచ్చినంక మీరే తుడుస్తరా?” అంది.

అయ్యగారు మళ్ళీ బోర్డు జోలికి పోలేదు.

మర్నాడు ఆరింటికి ఫీడు పాస్‌వర్డు అడిగింది. ఝాన్సీ చాక్‌పీసు పట్టుకుని కాసేపు నిలబడి, తేదీ వేసి, ‘అంకె ఇవ్వలేదు’ అని రాసింది. అదే రోజు, షరతు తప్పారని, అనుమతిచ్చిన ఆఫీసుకు అర్జీ పెట్టింది. ఈదమ్మ వేలిముద్ర వేసింది, వెనకాల వాడ వాడంతా సంతకాలు చేసింది. రెండో రోజు కూడా అంకె లేదు, మొదటి లైను కిందే మళ్ళీ అదే రాసింది. ఏ మాటా కనబడక ఏసమ్మ చర్చి వాకిలి ఊడవడానికి పోయింది, చీపురు చేతిలో ఉండగానే కుప్పకూలింది. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టారు. మూడో రోజు ఝాన్సీ అక్కడి నుంచే వచ్చి, ఏడుస్తూనే, ఆ రెండింటి కింద మళ్ళీ అదే వాక్యం రాసి వెళ్ళింది.

నాలుగో రోజు ఝాన్సీ బోర్డు దగ్గర ఉండగా హేమచంద్ ఫోను చేశాడు. ఆఫీసు వాళ్ళు అడిగినట్టున్నారు, గొంతు మెత్తబడింది.

“ఫీడు తెరిచామమ్మా. కాలేజీకి కూడా ఏమీ రాయం. ఆ మూడు లైన్లు తుడిచెయ్యండి, చూసేవాళ్ళకు బాగుండదు.”

“తెరిచిండ్రు, సంతోషం. ఇయ్యాల్టిది రాస్త. ఒక్కటి చెప్పుండ్రి సార్. రెండో దినం పొద్దున ఆరు దాటంగనే మా అమ్మ చర్చి వాకిట్ల పడిపోయింది. గప్పుడు అంకె ఎంతుండె? చెప్పుండ్రి, గా లైను తుడిచి అదే రాస్త.”

హేమచంద్ ఫోను పెట్టేశాడు. ఝాన్సీ ఆ మూడు లైన్లూ తుడవకుండా, వాటి కింద ఆనాటి తేదీ వేసింది.